ఎన్నికల వార్తల్లో సమతూకం: చిన్న డెస్క్‌కి పనికొచ్చే పద్ధతులు చెప్పండి

రాత్రి_డెస్క్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది జిల్లా వార్తలకే పరిమితమైన వెబ్‌సైటు, దాంతోపాటు ఒక యూట్యూబ్ ఛానల్. డెస్క్‌లో నలుగురం, మండలాల్లో కంట్రిబ్యూటర్లు ఇరవై మంది దాకా. ఎన్నికల వేడి మొదలైతే చాలు, ఒకటే ఫోన్లు. "మా సభని కింద పడేశారు" అని ఒక పార్టీ, "మా ప్రెస్‌మీట్ అసలు ఎక్కించలేదు" అని ఇంకో పార్టీ.

ఇప్పటిదాకా నడుస్తున్న పద్ధతి రోజుకి పార్టీకి రెండు ఐటమ్‌లు. దీనివల్ల తూకం రావట్లేదు సరికదా, ఏమీ జరగని రోజున కోటా నింపడానికి కండువాలు కప్పించుకున్న వార్తలు ఎక్కుతున్నాయి. మరోపక్క ఎమ్మెల్యే చేసే శంకుస్థాపనలు 'అభివృద్ధి' కింద పోతున్నాయి, పార్టీ లెక్కలోకి రావట్లేదు.

"రెండు వైపులా తిడుతున్నారంటే మనం సరిగ్గా ఉన్నట్టే" అనే మాట చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. రెండు వైపులా తప్పు రాసినా రెండు వైపులా తిడతారు కదా.

నాకు తెలియాల్సినవి: దేన్ని లెక్కపెట్టాలి? ఇండిపెండెంట్లకి ఎంత చోటివ్వాలి? చర్చా కార్యక్రమాల్లో ఏం చూసుకోవాలి? మా కంట్రిబ్యూటర్లే యాడ్స్ కూడా తెస్తారు, ఆ గొడవని ఎలా విడదీయాలి? పత్రికల్లో, టీవీలో ఈ పని చేసినవాళ్లు వివరంగా చెబితే మేలు.

కాలమ్_సెంటీమీటర్

ఐటమ్‌ల లెక్క మోసం చేస్తుందండీ. ఆరు వాక్యాల వార్తా ఒకటే, మూడు ఫొటోలతో పైన నిలబడ్డ వార్తా ఒకటే అయిపోతాయి. దాని బదులు ఒక షీట్ తెరిచి, వార్తకో వరస రాయండి. తేదీ, నియోజకవర్గం, వార్త ఎవరి గురించి, అందులో మాట్లాడింది ఎవరు, ఎన్ని పదాలు, హోంపేజీలో ఏ స్థానంలో ఎన్ని గంటలు ఉంది, ఫొటో ఉందా, ధోరణి అనుకూలమా ప్రతికూలమా తటస్థమా, ప్రెస్ నోట్ నుంచి వచ్చిందా మన మనిషి వెళ్లి రాసిందా. వార్తకి ఒక నిమిషం పడుతుంది, అంతే.

'ఎవరి గురించి', 'మాట్లాడింది ఎవరు' అనే గడులు విడిగా ఉండటం ముఖ్యం. ఒక అభ్యర్థి పేరు రోజూ కనిపిస్తుంది, కానీ ప్రతిసారీ ఎదుటివాళ్లు ఆయన్ని తిట్టిన వార్తలోనే. స్థలం లెక్కన చూస్తే ఆయనకి బోలెడు దక్కింది. ఆయన మాట మాత్రం పాఠకుడికి ఒక్కసారీ చేరలేదు. ఈ రెండు గడులూ కలిపేస్తే ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు.

ధోరణి గడిని వార్త రాసినవాళ్లు నింపకూడదు. వారానికోసారి ఓ ఇరవై వార్తలు తీసి, ఇద్దరితో విడివిడిగా మార్కు వేయించి పోల్చండి. అయిదారు వార్తల్లో తేడా వచ్చిందంటే 'ప్రతికూలం' అంటే ఏమిటో మీలో మీకే స్పష్టత లేనట్టు. ముందు దాన్ని కాగితం మీద పెట్టుకోండి.

తూకం రోజువారీగా చూడొద్దు. ముఖ్యమంత్రి సభ జరిగిన రోజు అటే మొగ్గుతుంది, మొగ్గాలి కూడా. ఏడు రోజులకి కలిపి చూడండి. మొగ్గు కనిపిస్తే పక్కనే కారణం రాయండి. కారణం రాయలేకపోతే అక్కడే ఆగి ఆలోచించాలి. సర్దుబాటు కోసం ప్రెస్ నోట్‌లు ఎక్కించడం మాత్రం వద్దు. ఆ పార్టీ ప్రచారం జరిగే చోటికి రిపోర్టర్‌ని పంపండి.

శంకుస్థాపనల సంగతి: అభ్యర్థి గానీ, టికెట్ ఆశిస్తున్నవాళ్లు గానీ ఫొటోలో ఉంటే అది పార్టీ లెక్కలోకే. పని విలువ ఎంత, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారు, ఇదే పనికి ఇంతకుముందు కొబ్బరికాయ కొట్టారా, ఈ మూడూ లేకుండా ఆ వార్త వేయొద్దు. మూడో ప్రశ్నకి పాత ఫైళ్లు వెతికితే చాలాసార్లు అసలు వార్త అక్కడే దొరుకుతుంది.

ఇక భాష. మొగ్గు ఎక్కువగా దాక్కునేది క్రియల్లో. ఒక నాయకుడు 'స్పష్టం చేశారు', 'వెల్లడించారు' అవుతుంది. ఇంకో నాయకుడు 'బుకాయించారు', 'అక్కసు వెళ్లగక్కారు' అవుతుంది. 'వెల్లడించారు' అని రాశామంటే ఆ మాట నిజమని మనం పూచీ పడ్డట్టే. రుజువు చూపని నింద ఎవరి నోట వచ్చినా 'ఆరోపించారు', మిగతావన్నీ 'అన్నారు', 'చెప్పారు'. 'నిప్పులు చెరిగారు', 'విరుచుకుపడ్డారు', 'దుయ్యబట్టారు' హెడ్డింగుల్లోంచి పూర్తిగా తీసేయండి. 'ప్రతిపక్షంపై మండిపడ్డ మంత్రి' అంటే చదివినవాళ్లకి కొత్తగా తెలిసింది సున్నా. 'ఇళ్ల పట్టాల ఆలస్యానికి కోర్టు కేసులే కారణం: మంత్రి' అంటే, అది నిజమో కాదో తేల్చుకోడానికి ఒక విషయం చేతికొచ్చింది. అలాగే గొడవల వార్తల్లో ఒక పార్టీ కార్యకర్త 'దాడికి పాల్పడ్డాడు', ఇంకో పార్టీ కార్యకర్త 'ప్రతిఘటించారు' అని వస్తుంటుంది. ఏకవచనమో బహువచనమో, ఇద్దరికీ ఒకటే పెట్టండి. ఎవరు ముందు చేయి ఎత్తారో తెలియకపోతే 'ఘర్షణ' అని ఆపేయండి.

సభలకి వచ్చిన జనం లెక్క ఇంకో పెద్ద గుంట. 'జన సునామీ', 'వెలవెలబోయిన సభ' రెండూ వద్దు. మైదానం కొలత తీసుకోండి. అయిదెకరాల స్థలం అంటే సుమారు 20,000 చదరపు మీటర్లు. నిలబడ్డ జనం మామూలు ఒత్తిడిలో చదరపు మీటరుకి ఇద్దరు, బాగా కిక్కిరిస్తే నలుగురు. మైదానమంతా నిండితే 40,000, ఊపిరాడనంత కిక్కిరిస్తే 80,000. వేదిక, నడవలు, వీఐపీల ఖాళీ ఇందులోంచి ఇంకా తీసేయాలి. అదే చోట రెండు లక్షల మంది వచ్చారని నిర్వాహకులు చెప్పారంటే చదరపు మీటరుకి పదిమంది నిలబడాలి, అది జరిగే పని కాదు. కుర్చీలు వేసిన సభ అయితే ఇంకా సులువు: ఒక బ్లాకులో వరసలు, వరసకి కుర్చీలు, ఎన్ని బ్లాకులు. ఏ పార్టీ సభకైనా ఇదే లెక్క. ఫొటో కూడా ఒకరిది డ్రోన్ నుంచీ, ఇంకొకరిది ఖాళీ కుర్చీల పక్కనుంచీ తీసింది వేయకండి.

ప్యానెల్_టైమర్

వీడియో సంగతి నేను చెబుతాను.

నలభై నిమిషాల చర్చలో బ్రేకులూ యాంకర్ మాటలూ పోగా అతిథులకి మిగిలేది ఇరవై ఎనిమిది నిమిషాలు అనుకోండి. నలుగురికీ తలా ఏడు. కాగితం మీద సమానమే. కానీ ఒకరు ఏడు నిమిషాలూ మూడు విడతల్లో మాట్లాడారు, ఇంకొకరిని యాంకర్ పదిహేను సార్లు ఆపారు. అందుకే నాలుగు రాసుకోవాలి: మొత్తం సమయం, అడ్డుపడకుండా మాట్లాడిన అతి పెద్ద ముక్క, యాంకర్ ఎన్నిసార్లు ఆపారు, మొదటి మాటా చివరి మాటా ఎవరివి. చివరి మాట ప్రతి వారం ఒకే పార్టీకి పోతోందా చూడండి, ఆ లాభం చాలా పెద్దది.

ప్రశ్నల నిడివి కూడా కొలవండి. ఒకరిని "దీనిపై మీరేమంటారు?" అని మూడు సెకన్లలో అడిగి, ఇంకొకరికి నలభై సెకన్ల ప్రశ్నలో నాలుగు ఆరోపణలు గుచ్చి అడిగితే అక్కడే తూకం పోయింది. కార్యక్రమానికి ముందే మొదటి ప్రశ్న రాసుకోండి, అదే అందరికీ.

'రాజకీయ విశ్లేషకుడు' అనే క్యాప్షన్ విషయంలో కఠినంగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. గత ఐదేళ్లలో పార్టీ పదవి, ప్రభుత్వ సలహాదారు పదవి, టికెట్ దరఖాస్తు, పార్టీకి సర్వే చేసిన పని, వీటిలో ఏది ఉన్నా క్యాప్షన్‌లో రాయాల్సిందే. లేకపోతే నాలుగు కుర్చీల్లో ఒక పార్టీకి రెండు పోతాయి, చూసేవాళ్లకి తెలియదు.

పిలిచినా రాని పార్టీ: ఏడు గంటల చర్చకి ఆరింటికి ఫోన్ చేసి 'రాలేదు' అనడం న్యాయం కాదు. కనీసం ముందు రోజు పిలవండి, పిలిచిన సమయం రాసి ఉంచండి. అప్పుడూ రాకపోతే ఆ అంశంపై వాళ్ల మేనిఫెస్టోలోనో చివరి ప్రెస్‌మీట్‌లోనో ఉన్న మాటని చదివి వినిపించండి. యాంకర్ వాళ్ల తరఫున వాదించడం మొదలుపెడితే అది ఇంకో తప్పు.

యూట్యూబ్‌లో అసలు ప్రమాదం థంబ్‌నెయిల్. దాన్ని చేసేవాళ్లు చాలాసార్లు వీడియో పూర్తిగా చూసి ఉండరు. థంబ్‌నెయిల్ మీది ప్రతి మాటకీ వీడియోలో ఏ నిమిషంలో ఆధారం ఉందో రాసివ్వాలని నియమం పెట్టండి. రాయలేని మాట తీసేయండి. ఫొటోలు కూడా అంతే: ఒకరిది నవ్వుతున్నదీ, ఇంకొకరిది మాట మధ్యలో నోరు వంకరపోయినదీ పక్కపక్కన పెట్టొద్దు.

ఇండిపెండెంట్లకి ఎంత అన్నారు కదా. సమాన సమయం అనేది అన్నిచోట్లా నియమం కాదు. బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళి 5వ విభాగం టీవీ, రేడియోలని నిష్పాక్షికంగా ఉండమంటుంది. అయితే ప్రతి వాదానికీ సమాన సమయం అడగదు, విషయానికీ కార్యక్రమానికీ తగినంత ఉండాలంటుంది. మన దూరదర్శన్, ఆకాశవాణిలో పార్టీల ప్రసంగాలకి కూడా గుర్తింపు ఉన్న పార్టీలకి కొంత కనీస సమయం, ఆపైన గత ఎన్నికల్లో తెచ్చుకున్న బలాన్ని బట్టి అదనం. మీరూ అలాగే చేయండి. బరిలో ఉన్న ప్రతి అభ్యర్థికీ ఒకే నమూనాలో ఒక పరిచయం, ఒకే అయిదు ప్రశ్నలు, ఒకే నిడివి. ఆపైన ఎంతన్నది గత ఓట్ల శాతం, ఊళ్లలో ప్రచారం కనిపిస్తున్న తీరు బట్టి. గతం లేని కొత్త పార్టీని సున్నా కింద కట్టేయకుండా రెండో కొలతతో చూడండి.

ఫారం_26

యాడ్స్, చట్టం సంగతి. ఇక్కడ పొరపాటు జరిగితే సమతూకంతో పాటు కేసు కూడా తగులుకుంటుంది.

డబ్బు తీసుకుని వార్తలా వేసే 'ప్యాకేజీ' వ్యవహారం మీద ప్రెస్ కౌన్సిల్ 2009లో ఉపసంఘం వేసింది. పాత్రికేయులు పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి గారు అందులో సభ్యులు. పేర్లతో సహా వాళ్లు రాసిన పూర్తి నివేదికని కౌన్సిల్ మొదట బయటపెట్టలేదు, కుదించినది మాత్రమే ఇచ్చింది. పూర్తి పాఠం 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఉత్తర్వు తర్వాతే జనం చేతికొచ్చింది. చదవని వాళ్లుంటే చదవండి, పద్ధతులన్నీ అందులో ఉన్నాయి.

ఇప్పుడు జిల్లాకో మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ ఉంటుంది. వాళ్లు చూసే గుర్తులు తెలుసుకోండి: ఒకే వార్త, అదే ఫొటో, అదే హెడ్డింగుతో వేర్వేరు పత్రికల్లో వేర్వేరు బైలైన్లతో (రాసినవారి పేర్లతో) రావడం. ఒకే పేజీలో పోటీపడే ఇద్దరూ గెలుస్తారని రెండు వార్తలుండటం. అనుమానం వస్తే రిటర్నింగ్ అధికారి 96 గంటల్లోపు అభ్యర్థికి నోటీసు ఇస్తారు, అభ్యర్థి 48 గంటల్లో జవాబివ్వాలి. పెయిడ్ అని తేలితే ఆ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడుతుంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రెండు రాష్ట్రాల్లోనూ 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు.

మీ ఛానల్‌లో వేసే రాజకీయ ప్రకటనకి ముందస్తు సర్టిఫికెట్ కావాలి. టీవీ ప్రకటనలకి ఈ నియమం 2004 ఏప్రిల్ 13 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుతో వచ్చింది, అది జెమినీ టెలివిజన్ కేసు. సోషల్ మీడియాకి ఎన్నికల సంఘం 2013లో వర్తింపజేసింది. అభ్యర్థులూ గుర్తింపు పార్టీలూ ప్రసారానికి మూడు రోజుల ముందు, ఇతరులు ఏడు రోజుల ముందు దరఖాస్తు చేయాలి. సర్టిఫికెట్ కాపీ చేతికి రాకుండా అప్‌లోడ్ చేయకండి.

కంట్రిబ్యూటర్ల సంగతి: యాడ్ కమిషన్ తీసుకునేవాళ్లు ఎన్నికల కాలంలో రాజకీయ వార్త రాయకూడదు. ఇది భరించగలిగితే ఇదే సరైన దారి. భరించలేకపోతే, యాడ్ ఇచ్చిన అభ్యర్థి నియోజకవర్గం వార్తల్ని వేరే ప్రాంతం చూసే సబ్ ఎడిటర్‌తో దిద్దించండి. రేట్ కార్డు సైట్‌లో బహిరంగంగా పెట్టండి, అందరికీ ఒకే రేటు. 'ప్రకటన' అనే మాట హెడ్డింగంత సైజులో, పైన, బైలైన్ లేకుండా. అడుగున చిన్న అక్షరాల్లో వేస్తే వేయనట్టే.

సర్వేలు: ఎగ్జిట్ పోల్స్ మీద నిషేధం ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ ప్రకారం మీ ఊరి పోలింగ్‌తో ముగియదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో మే 13నే ఓట్లు పడ్డా, చివరి దశ అయిన జూన్ 1 సాయంత్రం 6.30 దాకా ఆగాల్సి వచ్చింది. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోలింగ్ ముగిసే గడువుకి ముందు 48 గంటలు టీవీ తరహా మాధ్యమాల్లో ఎన్నికల ప్రచార విషయం చూపడం 126 కింద నేరం.

సర్వే వేయదగిన రోజుల్లో కూడా ఎవరు డబ్బు పెట్టారు, ఎంతమందిని అడిగారు, ఏ తేదీల్లో, ఫోన్‌లోనా ఇంటికెళ్లా అన్నవి లేనిది వేయకండి. రాష్ట్రమంతా 10,000 మందిని అడిగి 175 నియోజకవర్గాల ఫలితం చెప్పారంటే సీటుకి యాభై ఏడు మంది. అంతమందితో వచ్చే అంచనాలో పొరపాటు అటూ ఇటూ 13 శాతం దాకా ఉంటుంది. దాన్ని పట్టుకుని 'ఫలానా సీటులో ఫలానావారి ఆధిక్యం' అని రాయడం అంకె వేసిన ఊహాగానమే.

రాత్రి_డెస్క్

చాలా ఉపయోగం, కృతజ్ఞతలు. ఇంకో రెండు. ఒకరి మీద ఆరోపణకి కాగితాలున్నాయి, ఇంకొకరి మీద ఒట్టి మాట. ఇద్దరికీ సమానంగా వేయాలా? రెండోది, సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు. ఫలితాల రోజు రెండు పార్టీలూ "మావే ఎక్కువ" అని జాబితాలు పంపుతాయి. ఏది వేయాలి?

కాలమ్_సెంటీమీటర్

వేయకూడదండీ. సమానంగా ఉండాల్సింది పరీక్ష, ఫలితం కాదు. ఇద్దరి ఆరోపణలకీ ఒకే మూడు ప్రశ్నలు: కాగితం ఉందా, అది అసలుదేనని ఎవరిని అడిగి తేల్చాం, అవతలివాళ్ల జవాబు వచ్చిందా. ఒకటి నిలిచి ఇంకోటి పడిపోతే నిలిచిందే వేస్తాం.

ఉదాహరణకి ఒకరు "అయిదేళ్లలో ఒక్క స్కూలు గదీ కట్టలేదు" అన్నారు, ఇంకొకరు "ఇరవై కట్టాం" అన్నారు. ఇద్దరి మాటా వేసి చేతులు దులుపుకుంటే పాఠకుడికి మనం చేసిన మేలేమీ లేదు. మండల విద్యాధికారి దగ్గర జాబితా అడగండి, అందులోంచి నాలుగు ఊళ్లు ఎంచుకుని వెళ్లి ఫొటో తీయండి. పన్నెండు పూర్తయ్యాయి, ఎనిమిది పునాది దగ్గర ఆగాయి అనుకోండి, అదే హెడ్డింగు. ఇద్దరికీ కోపం వస్తుంది, రానివ్వండి.

అభ్యర్థుల కేసుల విషయంలో మరీ జాగ్రత్త. నామినేషన్‌తో పాటు కేసుల వివరాలతో అభ్యర్థులు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్లు నియోజకవర్గంలో అందరివీ దించుకుని ఒకే పట్టికలో ఒకే రోజు వేయండి. ఒట్టి సంఖ్య వేస్తే అన్యాయం జరుగుతుంది. ఒకరికి పన్నెండు కేసులుంటాయి, పదకొండు ధర్నాలవి. ఇంకొకరికి ఒకటే, అది హత్యాయత్నం. సెక్షన్ ఏమిటో మామూలు తెలుగులో రాసి, పక్కన దశ వేయండి: ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, అభియోగాల నమోదు, శిక్ష.

వివరణ కోరడానికి ఒక పద్ధతి పెట్టుకోండి. ఆరోపణలన్నీ ప్రశ్నలుగా రాసి వాట్సాప్‌లో పంపాలి, గడువు చెప్పాలి, మధ్యలో వేర్వేరు వేళల్లో కనీసం రెండుసార్లు ఫోన్ చేయాలి. అర్జెంటు కాని కథనానికి ఒక రోజు గడువు ఇవ్వడం మర్యాద. రాత్రి 9.50కి ఒక్క రింగు ఇచ్చి 'అందుబాటులోకి రాలేదు' అని రాయకూడదు. రాయాల్సింది ఇలా: 'ప్రశ్నలు సోమవారం ఉదయం 11 గంటలకు పంపాం, మంగళవారం రాత్రి 8 వరకు జవాబు రాలేదు.' వచ్చిన జవాబు అదే వార్తలో, మొదటి నాలుగు పేరాల్లోపే ఉండాలి. మర్నాడు వేరే ఐటమ్‌గా వేస్తే ఆరోపణ చూసినవాళ్లలో సగం మందికి కూడా అది చేరదు. సవరణ వేసినప్పుడు పాత లింకులోనే పైన వేయండి, ఏది తప్పో ఏది ఒప్పో రెండూ చెప్పి.

మండల_రిపోర్టింగ్

పంచాయతీల ప్రశ్నకి నేను చెబుతా. పార్టీల జాబితాలు రెండూ పక్కన పెట్టండి. గుర్తులు రాష్ట్ర ఎన్నికల సంఘం తన జాబితా నుంచి ఇచ్చేవి కాబట్టి, ఏ సర్పంచ్ ఏ పార్టీ అన్నదానికి అధికారిక రికార్డు ఉండదు. నామినేషన్ల ఉపసంహరణ ముగిసిన రోజు నుంచి మీ కంట్రిబ్యూటర్లతో ఒక పట్టిక మొదలుపెట్టించండి. ఊరు, అభ్యర్థి, 'మీరు ఏ పార్టీ బలపరిచిన అభ్యర్థి?' అని అభ్యర్థినే అడిగిన జవాబు. గడులు మూడే: ఫలానా పార్టీ అని స్వయంగా చెప్పారు, ఏ పార్టీ కాదన్నారు, చెప్పలేదు. ఇది పోలింగ్‌కి ముందే పూర్తవ్వాలి, ఎందుకంటే గెలిచాక చాలామంది జవాబు మారుతుంది.

ఫలితాల రోజు మొదటి వార్తలో విజేతల పేర్లూ మెజారిటీలూ మాత్రమే. పార్టీల లెక్క వేరే పట్టికగా, 'అభ్యర్థులు పోలింగ్‌కి ముందు స్వయంగా చెప్పిన దాని ప్రకారం' అని పైన రాసి వేయండి. ఏకగ్రీవాలని ఏ పార్టీ ఖాతాలోనూ కలపొద్దు, విడిగా చూపండి. వాటిలో పోటీ ఎందుకు లేదన్నది, అంటే ఊరి ఒప్పందమా, వేలమా, బెదిరింపా, రిజర్వేషన్‌కి తగ్గ అభ్యర్థి ఒక్కరే ఉండటమా అన్నది, ప్రతి ఊరికీ విడిగా అడిగి రాయాల్సిన వార్త. పార్టీలు పంపిన అంకెలు తప్పనిసరిగా వేయాలనిపిస్తే రెండూ ఒకే వార్తలో, ఒకే పేరాలో వేసి, రెండూ కలిపితే మండలంలో ఉన్న పంచాయతీల సంఖ్య దాటుతోందా లేదా కూడి రాయండి. అలాగే గెలిచినవాళ్లు వారం తిరక్కుండా కండువా మార్చుకుంటే పాత పట్టికని దిద్దొద్దు, కొత్త తేదీతో ఇంకో గడి చేర్చండి.